ఇంటి మీద సోలార్: ఎన్ని కిలోవాట్లు, ఏ రకం, అసలు ముందు ఏది?

మా వీధిలో ఏడాది తిరిగేలోపు మూడు డాబాల మీద సోలార్ ప్యానెళ్లు ఎక్కాయి. మూడూ మూడేసి కిలోవాట్లే. ఒక ఇంట్లో ఉండేది ఇద్దరు పెద్దవాళ్లు, వాళ్ల వాడకం నెలకు వంద యూనిట్లు దాటదు. ఇంకో ఇంట్లో ఆరుగురు మనుషులు, రెండు ఏసీలు. అవసరాల్లో ఇంత తేడా ఉన్నా కొలత మాత్రం ఒక్కటే అయింది, ఎందుకంటే సబ్సిడీ అక్కడితో ఆగుతుంది. పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు రూ. 30,000, మూడోదానికి రూ. 18,000, మొత్తం రూ. 78,000 ఇస్తారు. ఆ పైన ఎంత పెట్టుకున్నా పైసా రాదు. దాంతో పెట్టించే కంపెనీ వాళ్లు మూడు అంటారు, మనమూ తలూపుతాం.

మాది గుంటూరు. మా ఇంటి మీద రెండు కిలోవాట్లు పెట్టించి ఏడాదిన్నర దాటింది. అప్పటి నుంచి చుట్టాలు, ఆఫీసులో తోటివాళ్లు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. ఎవరు అడిగినా నేను ఎదురు అడిగేది ఒకటే: "నీ కరెంటు బిల్లు ఒక్కసారి చదివి వినిపించు." ఏ ఇంటికి ఏది సరిపోతుందన్న దానికి సగం జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది.

ముందు బిల్లు

ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు కరెంటు ధర మెట్లు మెట్లుగా పెరుగుతుంది. మొదటి 30 యూనిట్లు రూ. 1.90, ఆ తర్వాత 75 దాకా రూ. 3, 125 దాకా రూ. 4.50, 225 దాకా రూ. 6, 400 దాకా రూ. 8.75, అది దాటితే రూ. 9.75. ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం, సర్దుబాటు చార్జీలు వీటికి అదనం. వాటిని పక్కనపెట్టి యూనిట్ల లెక్కే చూద్దాం.

మా ఇంట్లో నెలకు సగటున 300 యూనిట్లు కాలేవి. ఈ మెట్ల ప్రకారం ఆ 300 యూనిట్ల ఖరీదు రూ. 1,673. మన ఎండకు ఒక కిలోవాటు ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి, అంటే నెలకు 120. రెండు కిలోవాట్లు పెడితే 240 యూనిట్లు పోయి 60 మిగులుతాయి. ఆ అరవైకి కట్టేది రూ. 147. అంటే రెండు కిలోవాట్లు నెలకు రూ. 1,526 మిగులుస్తాయి. మరి మూడోది? ఆ మిగిలిన రూ. 147ను కూడా తీసేస్తుంది, పైన ఓ 60 యూనిట్లు గ్రిడ్‌కు, అంటే వీధి కరెంటు లైన్‌లోకి, పోతాయి. అంతే.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. సోలార్ యూనిట్లు మీ బిల్లును పై మెట్టు నుంచి తినుకుంటూ వస్తాయి. ముందు పోయేవి రూ. 8.75 యూనిట్లు, చివర పోయేవి రూ. 1.90 యూనిట్లు. మొదటి కిలోవాటు బాగా సంపాదిస్తుంది, రెండోది ఫర్వాలేదు, మూడోది మాత్రం మీ వాడకం 300 దాటితేనే కష్టానికి తగ్గ కూలి తెస్తుంది. గ్రిడ్‌కు పోయిన మిగులు యూనిట్లు ముందుగా మీ లెక్కలోనే జమ అవుతాయి. సర్దుబాటు గడువు ముగిశాక ఇంకా మిగిలిన వాటికి ఇచ్చే ధర, మీరు కొనే పై మెట్టు ధరతో పోలిస్తే చాలా తక్కువ. కరెంటు అమ్మి సంపాదిద్దామని పెద్ద సిస్టమ్ పెట్టినవాళ్లెవరూ నాకు సంతోషంగా కనిపించలేదు.

మరి నెలకు 125 యూనిట్లు వాడే ఇల్లైతే? మొత్తం ఖరీదే రూ. 417. ఒక కిలోవాటు పెడితే దాదాపు అంతా పోతుంది. సబ్సిడీ పోను చేతి నుంచి నలభై వేలు పడితే ఎనిమిదేళ్లకుగానీ తిరిగి రాదు. నష్టమేమీ లేదు, ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేస్తాయి. కానీ అదే డబ్బుకు ఇంకా మంచి పనులున్నాయేమో చూసుకోవాలి.

తెలంగాణలో లెక్క వేరు. మా అక్కావాళ్లది హనుమకొండ. తెల్ల రేషన్ కార్డు ఉంది, వాడకం నెలకు 170 యూనిట్ల లోపే. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా వాళ్లకు బిల్లే రావడం లేదు. "తమ్ముడూ, మేమూ పెట్టించుకోవాలా?" అని అడిగితే, ఇప్పుడు వద్దనే చెప్పాను. సున్నా బిల్లులో తగ్గించేదేముంటుంది? అదే తెలంగాణలో 200 దాటిన ఇల్లైతే కథ మారిపోతుంది. అక్కడ 200 దాటితే మొదటి యూనిట్లకు కూడా రూ. 5.10 పడుతుంది, 300 దాకా రూ. 7.70, 400 దాకా రూ. 9. హైదరాబాద్‌లో సొంతిల్లు, వేసవిలో 350 యూనిట్లు కాలే కుటుంబం ఇంకా ఆలోచిస్తూ కూర్చోవాల్సిన పనిలేదు.

ఆంధ్రలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్ల దాకా ఖర్చంతా ప్రభుత్వమే పెట్టుకునే ఏర్పాటుంది. బీసీలకు కేంద్ర సబ్సిడీ మీద ఇంకో రూ. 20,000 దాకా కలుస్తుంది. ఈ మాట కంపెనీ వాళ్లు మనకు చెప్పకపోవచ్చు. కొటేషన్ తీసుకునే ముందు మీ కరెంటాఫీసులో అడగండి.

ఫ్యాన్లా, మూడో కిలోవాటా?

నాకు రెండు కొటేషన్లు వచ్చాయి. మూడు కిలోవాట్లకు రూ. 1,90,000, సబ్సిడీ పోను రూ. 1,12,000. రెండు కిలోవాట్లకు రూ. 1,35,000, సబ్సిడీ పోను రూ. 75,000. మధ్య తేడా రూ. 37,000.

అదే వారం ఇంట్లో ఫ్యాన్లు లెక్కపెట్టాను. రోజూ తిరిగేవి నాలుగు. పాతకాలపు సీలింగ్ ఫ్యాను ఫుల్ స్పీడులో 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటు మోటారుండే బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలికి 30 వాట్ల చుట్టూ తీసుకుంటుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు అరవై యూనిట్ల పైన మిగులుతాయి. నాలుగింటికీ కలిపి పన్నెండు వేలయ్యాయి. మా 300 యూనిట్లు 240కి దిగాయి. అంటే రెండు కిలోవాట్ల ప్యానెళ్లు సరిగ్గా సరిపోయే చోటికి వచ్చేశాయి. ముప్పై ఏడు వేల మూడో కిలోవాటు చేయాల్సిన పనిని పన్నెండు వేల ఫ్యాన్లు చేసిపెట్టాయి. పైగా ఆ అరవై యూనిట్లూ రూ. 8.75 మెట్టులోవి. సోలార్ పెట్టకపోయినా నెలకు ఐదు వందలు తగ్గేవి.

అందుకే ఎవరడిగినా వరస ఇలా చెబుతాను. ముందు ఫ్యాన్లు, ఇంకా ట్యూబులైట్లు ఉంటే ఎల్‌ఈడీలు, పదేళ్లు దాటిన ఫ్రిజ్. ఆ తర్వాత ఓ రెండు నెలల బిల్లులు చూసుకుని, అప్పుడు ప్యానెళ్లు. తిరగేసి చేస్తే వృథాగా పోయే కరెంటు కోసం ప్యానెళ్లు కొన్నట్టవుతుంది.

పై అంతస్తులో ఉండేవాళ్లకు ఇంకో మాట. డాబా మీద తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటో వేస్తే కింద గదిలో సెగ తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మా అమ్మ ఏటా మార్చిలో డాబాకు సున్నం కొట్టించేది, మేమే మధ్యలో మానేశాం. ప్యానెళ్లు కూడా ఈ పని కొంత చేస్తాయి. వాటి నీడ పడిన స్లాబు కింద మా పడకగది రాత్రి పదికి మునుపటిలా కొలిమిలా ఉండటం లేదు.

ఆన్‌గ్రిడ్, ఆఫ్‌గ్రిడ్, హైబ్రిడ్

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. మాకు ప్యానెళ్లు పెట్టిన పదో రోజున మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. మా ఇంట్లోనూ ఫ్యాన్లు ఆగిపోయాయి. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూసి, "అదేంటయ్యా, నెత్తిన సోలార్ పెట్టుకుని మీకూ పోయిందా?" అన్నారు. పోయింది, పోవాలి కూడా. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు, అంటే ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చి వీధి లైన్‌తో కలిపే పెట్టె, లైన్‌లో కరెంటు లేకపోతే వెంటనే ఆగిపోయేలా చేసి ఉంటుంది. ఆగకుండా మన డాబా మీది కరెంటు లైన్‌లోకి వెళ్తూ ఉంటే, కరెంటు లేదనుకుని స్తంభమెక్కిన లైన్‌మ్యాన్ ప్రాణం పోతుంది. నాకు ఇది ముందే తెలుసు కాబట్టి సరిపోయింది. తెలియక కొన్నవాళ్లు మోసపోయామనుకుంటారు.

ఆన్‌గ్రిడ్‌లో బ్యాటరీ ఉండదు. పగలు మిగిలింది గ్రిడ్‌కు పోతుంది, రాత్రి కావాల్సింది గ్రిడ్ నుంచి వస్తుంది, నెట్ మీటరు రెండూ లెక్కపెడుతుంది. ఖర్చు తక్కువ, చూసుకోవాల్సిన బాధ తక్కువ, సబ్సిడీ వస్తుంది. పట్టణాల్లో, రోజుకు గంట లోపే కరెంటు పోయే ఊళ్లలో నా ఓటు దీనికే.

ఆఫ్‌గ్రిడ్ అంటే వీధి లైన్‌తో సంబంధం లేకుండా బ్యాటరీల మీద నడిచేది. సూర్యఘర్ సబ్సిడీ దీనికి రాదు. బ్యాటరీ నిండాక ఎండ ఎంత కాసినా వృథాయే, మూడు రోజులు ముసురు పడితే చీకటే. లైన్ వెళ్లని పొలం షెడ్డుకు, ఏజెన్సీలో కొండ మీది ఇంటికి ఇది వరం. వీధిలో స్తంభం ఉన్న ఇంటికి దీన్ని ఎవరైనా అంటగట్టబోతే ఒప్పుకోవద్దు.

హైబ్రిడ్‌లో గ్రిడ్డూ ఉంటుంది, బ్యాటరీ కూడా ఉంటుంది. కరెంటు పోయినా కొన్ని లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ నడుస్తాయి. మూడింట్లోకీ మంచిదే, కానీ బ్యాటరీకి అదనపు సబ్సిడీ లేదు, ఖర్చు బాగా పెరుగుతుంది. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నవాళ్లుంటే, తుఫాను వస్తే రోజుల తరబడి కరెంటు రాని తీరప్రాంతాల్లో ఉంటే, షాపు నడుపుతూ ఫ్రీజర్ ఆగితే సరుకు పాడయ్యేవాళ్లయితే ఆ ఖర్చుకు అర్థముంది. హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబరులో, విశాఖలో రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపినవాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

నేను చేసింది మధ్యేమార్గం. ప్యానెళ్లు ఆన్‌గ్రిడ్. ఇంట్లో పాత ఇన్వర్టరు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ అలాగే ఉంచాను. ఈ బ్యాటరీలో ఉండేది కాగితం మీద 1.8 యూనిట్లు. ఇలాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే తొందరగా చస్తుంది కాబట్టి నిజంగా వాడుకునేది 0.9 యూనిట్. నాలుగు పాత ఫ్యాన్లకు అది మూడు గంటలు వచ్చేది, కొత్త ఫ్యాన్లకు ఏడు గంటలు వస్తోంది. ఫ్యాన్లు మార్చినందుకు దొరికిన రెండో లాభమిది.

కొత్తగా బ్యాటరీ కొనేవాళ్లయితే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం చూడండి. ఎనభై, తొంభై శాతం దాకా ఖాళీ చేయొచ్చు, వేల సార్లు చార్జ్ చేయొచ్చు, డిస్టిల్డ్ వాటర్ పోసే పనిలేదు. ట్యూబులర్ నాలుగైదేళ్లకు మార్చాలి. ఈరోజు జేబు ఒప్పుకోకపోతే ట్యూబులరే తీసుకోండి, తప్పేమీ లేదు.

బ్యాటరీ, ఇన్వర్టరు ఎక్కడ పెడుతున్నారో మాత్రం చూసుకోండి. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా బంధువుల ఇంట్లో మెట్ల కింద పెట్టిన ఇన్వర్టరు నీళ్లలో మునిగింది. మిగతా సామానంతా పైకి చేర్చుకున్నారు, దీన్ని విప్పే టైము దొరకలేదు. వాగు పక్కనో, పల్లంలోనో ఉంటే ఇవన్నీ మొదటి అంతస్తులోనే ఉండాలి.

డాబా మీద

మా సర్వేకు వచ్చిన కుర్రాడు ఉదయం పదకొండింటికి వచ్చాడు. ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీశాడు, టేపు పెట్టి కొలిచాడు, "నీడ సమస్యేమీ లేదు సార్" అన్నాడు. అది మే నెల. బిగించాక నవంబరు దాకా బాగానే ఉంది. ఆ తర్వాత సాయంత్రం మూడు దాటితే యూనిట్లు పడిపోవడం మొదలైంది. ఓ రోజు మేడెక్కి చూస్తే నైరుతి మూలనున్న సింటెక్స్ ట్యాంకు నీడ చివరి రెండు ప్యానెళ్ల మీద అడ్డంగా పడి ఉంది. ప్యానెళ్లు ఒకదాని వెనక ఒకటిగా కలిపి ఉంటాయి. పైపును ఒకచోట నొక్కితే నీళ్లన్నీ సన్నబడ్డట్టు, ఆ రెండింటి మీది నీడ మిగతా వాటినీ లాగేస్తుంది. కంపెనీ వాళ్లు మాది కాదు బాధ్యతన్నారు. చివరికి ఆరు వేలు ఇచ్చి తూర్పు వైపుకు జరిపించుకున్నాను.

మే నెలలో ఎండ మన నెత్తి మీద ఉంటుంది. గుంటూరు దగ్గర జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి నుంచి కాస్త ఉత్తరానికే ఉంటాడు. డిసెంబరులో దక్షిణానికి వంగి మధ్యాహ్నం కూడా యాభై డిగ్రీల ఎత్తుకు మించడు. అప్పుడు మూడడుగుల పిట్టగోడ మిట్టమధ్యాహ్నమే రెండున్నర అడుగుల నీడ వేస్తుంది, సాయంత్రానికి అది ఇంకా పొడుగవుతుంది. కాబట్టి ఏ నెలలో పెట్టించినా డిసెంబరు నీడే చూడాలి. సూర్యుడి దారి చూపించే ఉచిత యాప్‌లు ఫోన్‌లో ఉన్నాయి. డాబా మీద నిలబడి ట్యాంకు, పక్కింటి మూడో అంతస్తు, కొబ్బరిచెట్టు ఎటు అడ్డొస్తాయో మీరే చూసుకోండి. నీడ తప్పనిసరైతే ప్రతి ప్యానెల్‌కు వేరే చిన్న ఇన్వర్టరుండే మైక్రో ఇన్వర్టర్లు తీసుకోండి. ఖర్చు ఎక్కువే, కానీ ఒకదాని మీది నీడ ఇంకోదానికి అంటదు. నీడలేని డాబాకు ఆ ఖర్చు అనవసరం.

ప్యానెళ్లు దక్షిణానికి తిప్పి, పది పదిహేను డిగ్రీల వాలుతో ఉండాలి. దక్షిణం కుదరకపోతే తూర్పు, పడమర ఫర్వాలేదు. కాస్త తగ్గుతుందంతే.

ఎత్తు విషయంలో ఇంట్లో ఆడవాళ్లను అడగండి. స్లాబుకు అడుగు ఎత్తున బిగిస్తే చవక, గాలికి గట్టిది, తుడవడం తేలిక. కానీ డాబాలో ఆ భాగం పోయినట్టే. ఎనిమిది అడుగుల ఎత్తు స్ట్రక్చర్ వేస్తే కింద ఒడియాలు పెట్టుకోవచ్చు, మిరపకాయలు ఆరబోసుకోవచ్చు, వేసవి రాత్రి మంచం వేసుకోవచ్చు. మా అమ్మ పట్టుబట్టి ఎత్తే వేయించింది, ఇప్పుడు ఆ నీడలోనే సాయంత్రాలు గడుస్తున్నాయి. అయితే ఎత్తు పెరిగేకొద్దీ గాలి దెబ్బ పెరుగుతుంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరంలో ఉన్నవాళ్లు ఇక్కడ పొదుపు చేయొద్దు. వేడి జింకులో ముంచిన గాల్వనైజ్డ్ ఇనుము, స్లాబులోకి దిగి రసాయన జిగురుతో పట్టుకునే బోల్టులు (కెమికల్ యాంకర్లు), తుఫాను గాలికి తట్టుకునేలా వేసిన డిజైన్ కాగితం అడిగి తీసుకోండి. ఉత్తి రాళ్ల బరువు మీద నిలబెట్టిన స్టాండు తీరం పక్క పనికిరాదు.

ప్యానెల్ రకాల గురించి ఎక్కువ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. సబ్సిడీ కావాలంటే మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన డీసీఆర్ ప్యానెళ్లే వాడాలి, అది నిబంధన. మోనో పెర్క్, టాప్‌కాన్ అని రెండు పేర్లు వినిపిస్తాయి. ప్యానెల్ వేడెక్కేకొద్దీ కరెంటు తగ్గుతుంది, టాప్‌కాన్‌లో ఆ తగ్గుదల కాస్త తక్కువ. మే నెల ఎండలో ప్యానెల్ ఒళ్లు అరవై డిగ్రీలు దాటుతుంది కాబట్టి ధర దగ్గర దగ్గరగా ఉంటే టాప్‌కాన్ తీసుకోండి. ఈ వేడి వల్లే మా ఇంట్లో ఎక్కువ యూనిట్లు వచ్చేది మేలో కాదు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో. జూలై, ఆగస్టు ముసురుకు బాగా పడిపోతుంది. మొదటి వానాకాలం చూసి కంగారుపడకండి.

పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున, ప్యానెళ్లు చల్లగా ఉన్నప్పుడే, మెత్తటి మాప్‌తో తుడవాలి. ఉప్పు బోరు నీళ్లయితే ఆరాక తెల్లటి చారలు పడి అవే నీడలా పనిచేస్తాయి. మంచినీళ్లు ఓ బకెట్ చాలు. వర్షాకాలంలో ఆ పని వానే చేస్తుంది.

వేడినీళ్లు, వంట, బండి

సోలార్ వాటర్ హీటరు వేరే సంగతి. ప్యానెల్ మీద పడ్డ ఎండలో ఇరవై చిల్లర శాతమే కరెంటవుతుంది, హీటరులో సగం పైన వేడిగా నీళ్లలోకి దిగుతుంది. వంద లీటర్ల నీళ్లను పాతిక డిగ్రీల నుంచి అరవైకి తేవాలంటే గీజరుకు నాలుగు యూనిట్లు పైనే పడుతుంది. హైదరాబాద్, ఆదిలాబాద్ లాంటి చోట్ల ఐదారుగురుండి ఏడాదిలో ఎక్కువ నెలలు వేడినీళ్లు పోసుకునే ఇంటికి ఇది తప్పక పనికొస్తుంది. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు వాళ్లకు మాత్రం రెండు మూడు నెలల చలికి అంత డాబా ఇవ్వడం దండగ. గాజుగొట్టాల రకం చవక, కానీ ఉప్పునీళ్లకు లోపల తెల్లటి పొర కడుతుంది. పలకలా ఉండే ఫ్లాట్ ప్లేటులో మన నీళ్లు నేరుగా తిరగకుండా, వాటికి వేడిని మాత్రం అందించే హీట్ ఎక్స్చేంజరు ఉన్న రకం దొరుకుతుంది. బోరు నీళ్ల ఊళ్లకు అదే తీసుకోండి.

ఇండక్షన్ స్టవ్వు లెక్క చాలామంది వేసుకోరు. 14.2 కిలోల గ్యాస్ సిలిండరు చేసే వంటకు ఇండక్షన్ మీద సుమారు 120 యూనిట్లు పడతాయి. ఆ 120 యూనిట్లు రూ. 8.75 మెట్టులో పడితే రూ. 1,050, అంటే సిలిండరు కన్నా ఎక్కువే. అదే గ్రిడ్‌కు తక్కువ ధరకు పోయే మిగులు సోలార్ యూనిట్లతో వండితే బాగా కలిసొస్తుంది. కాబట్టి ప్యానెళ్లు వచ్చి, మిగులు కనిపించాక మధ్యాహ్నం వంటకు, టీకి పెట్టుకోండి. ఆంధ్రలో దీపం పథకం కింద ఏటా మూడు సిలిండర్లు ఉచితంగా వచ్చే ఇళ్లకు ఇప్పట్లో దీని అవసరం లేదు.

ఎలక్ట్రిక్ స్కూటరు మాత్రం ఎవరికైనా లాభమే. వంద కిలోమీటర్లకు మూడు, మూడున్నర యూనిట్లు చాలు. పై మెట్టు ధర పడినా ముప్పై రూపాయలు. పెట్రోలు బండికి అదే దూరం రెండు లీటర్లు, రెండు వందల పైన. రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరిగే మనిషి చేతిలో లక్ష రూపాయలుండి, ప్యానెళ్లా స్కూటరా అని అడిగితే నేను స్కూటరే ముందంటాను. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకూ ఇదే జవాబు. ఫ్యాన్లు, స్కూటరు ఇల్లు మారితే మనతో పాటే వస్తాయి.

ఈ సోలార్ పర్యావరణానికి మంచిదేనా అని మా అమ్మాయి అడిగింది. మన గ్రిడ్‌లో కరెంటు ఎక్కువగా బొగ్గుతోనే వస్తోంది, ఒక్కో యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. రెండు కిలోవాట్ల ప్యానెళ్లు ఏడాదికి 2,900 యూనిట్ల చొప్పున రెండు టన్నుల దాకా ఆపుతాయి. కానీ సాయంత్రం ఏడింటికి, ఊరంతా ఏసీలు వేసుకునే వేళకు, మన ప్యానెళ్లు నిద్రపోతాయి, అప్పుడు మండేది బొగ్గే. అందుకే నేను మోటారు, వాషింగ్ మెషిన్, స్కూటరు చార్జింగు, ఇస్త్రీ అన్నీ ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు మధ్యకు మార్చాను. నెట్ మీటరు లెక్కలో బిల్లుకు తేడా రాదు. అయినా చేస్తాను. సాయంత్రం గ్రిడ్ మీద భారం ఆ మేరకు తగ్గుతుంది, అదీ మన పని కిందే లెక్క.

అపార్ట్‌మెంట్లో ఉంటే

పై కప్పు అందరిదీ కాబట్టి ఒక్కరే పెట్టుకోవడం గొడవలకు దారితీస్తుంది. అసోసియేషన్ పేరు మీద లిఫ్టు, మోటార్లు, మెట్ల లైట్లున్న ఉమ్మడి సర్వీసుకు పెట్టుకోండి. కిలోవాటుకు రూ. 18,000 సబ్సిడీ ఉంది. మెయింటెనెన్స్ తగ్గడం అందరికీ కనిపిస్తుంది కాబట్టి మీటింగులో ఒప్పించడమూ తేలిక.

అడ్వాన్స్ ఇచ్చే ముందు

పథకం పోర్టల్‌లో మీ సర్వీసు నంబరుతో మీరే నమోదు చేసుకోండి, కంపెనీ కుర్రాడి ఫోన్ నంబరు పెట్టనివ్వద్దు. తర్వాత వచ్చే ఓటీపీలు, సబ్సిడీ సమాచారం అన్నీ ఆ నంబరుకే పోతాయి. బిల్లు ఎవరి పేరున ఉందో బ్యాంకు ఖాతా వాళ్ల పేరునే ఉండాలి. తాతగారి పేరున మీటరుంటే ముందు పేరు మార్పించుకోవాలి, దీనికే కొందరికి నెలలు పట్టింది. మూడు కిలోవాట్ల దాకా తాకట్టు లేకుండా, రెపో రేటుకు (రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) అర శాతం కలిపిన వడ్డీకి బ్యాంకు అప్పు దొరుకుతుంది. కంపెనీ చూపించే వాయిదాల కన్నా అది మామూలుగా చవకే. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, పాత కొటేషన్ చేతిలో ఉంటే మళ్లీ అడిగించుకోండి.

పథకం కింద పెట్టిన కంపెనీ ఐదేళ్లు మరమ్మతులు చూడాలి. ఆ మాట, ఇన్వర్టరు వారంటీ ఎన్నేళ్లో, నీడ వల్ల జరపాల్సివస్తే ఖర్చెవరిదో కొటేషన్‌లోనే రాయించుకోండి. నాకు ఆ చివరి వాక్యం ఉండుంటే ఆరు వేలు మిగిలేవి. ఎర్తింగ్ గుంతలు, మెరుపు కడ్డీ పనులు జరుగుతున్నప్పుడు పక్కనే నిలబడి చూడండి, మట్టి కప్పాక ఏం పూడ్చారో తెలియదు.

ప్యానెళ్లు బిగించడానికి రెండు రోజులు చాలు. నెట్ మీటరు రావడానికి మాకు వారాలు పట్టింది. ఆ లోపు ఆన్ చేయొద్దు. పాత మీటర్లలో కొన్ని బయటికి పోయే యూనిట్‌ను కూడా వాడకం కిందే కలిపి లెక్కిస్తాయి. చివరి విడత పదిహేను వేలు నేను చేతిలోనే ఉంచుకున్నాను. కరెంటాఫీసు మనిషి వచ్చి కొత్త మీటరు బిగించి, సీలు వేసి, దాని తెరలో ఎగుమతి అంకె సున్నా నుంచి కదలడం కళ్లతో చూశాకే ఇచ్చాను. మీరూ అంతే చేయండి.